తాగుడు మానాలనుకునేవారికి తోటివారే తోడు

‘రేపటి నుంచి ముట్టను’ అనే మాట తాగుడు ఉన్న ప్రతి ఇంట్లోనూ వినబడేదే. అన్నవాడు అబద్ధమాడుతున్నాడని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు. నిజానికి చాలాసార్లు ఆ క్షణంలో అతను మనస్ఫూర్తిగానే చెబుతాడు. పొద్దున్నే తలనొప్పితో, సిగ్గుతో, భార్యాబిడ్డల ముఖం చూడలేక చెప్పిన ఆ మాట సాయంత్రం ఆరయ్యేసరికి ఏమైపోతోంది? మనిషికి మనోబలం లేకపోవడమే కారణమా? లేక శరీరంలో మరేదైనా జరుగుతోందా? తనలాగే పదిసార్లు మాట తప్పి, చివరకు నిలదొక్కుకున్న మరో మనిషి పక్కన కూర్చుంటే ఏమైనా మార్పు వస్తుందా?

ఈ ప్రశ్నలు కొద్దిమందికి సంబంధించినవి కావు. మన దేశంలో మాదకద్రవ్యాల, మద్యం వాడకంపై జరిగిన జాతీయ సర్వే ఫలితాలను కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ 2019లో ప్రకటించింది. ఢిల్లీలోని ఎయిమ్స్ వైద్యులు నిర్వహించిన ఆ సర్వే ప్రకారం 10 నుంచి 75 ఏళ్ళ వయసువారిలో 14.6 శాతం మంది, అంటే దాదాపు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు. వీరిలో సుమారు 5.7 కోట్ల మందికి తాగుడు విషయంలో సహాయం అవసరం. వారిలోనూ దాదాపు 2.9 కోట్ల మంది మద్యానికి పూర్తిగా లోబడిపోయినవారు. ఇలా లోబడిపోయినవారిలో ప్రతి 38 మందికి ఒక్కరికే ఏదో ఒక రకమైన చికిత్స అందిందని ఆ సర్వే తేల్చింది. మిగిలిన 37 మంది సంగతేమిటి? వారికి అందగల సహాయాల్లో ఖర్చులేనిదీ, మనలో చాలామందికి తెలియనిదీ ఒకటుంది. అదే మద్యం మానినవారి పరస్పర సహాయ బృందం.

తక్కెడలో మార్పు

ముందు శరీరం సంగతి చూద్దాం. మెదడులోని నాడీకణాలు కొన్ని రసాయనాల ద్వారా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. వీటిలో గాబా అనేది నాడుల ఉద్రేకాన్ని తగ్గిస్తుంది. గ్లుటమేట్ దానికి వ్యతిరేకంగా ఉద్రేకాన్ని పెంచుతుంది. తక్కెడలోని రెండు సిబ్బెలలాగా ఈ రెండూ సమతూకంలో ఉంటేనే మనం మెలకువగా, ప్రశాంతంగా ఉండగలం. మద్యంలోని ఇథైల్ ఆల్కహాలు గాబా పనిని బలపరిచి, గ్లుటమేట్ పనిని అణచివేస్తుంది. తాగినవాడికి బెరుకు తగ్గడం, మాట ముద్దగా రావడం, నిద్ర ముంచుకురావడం అందువల్లనే.

రోజూ ఇదే జరుగుతుంటే మెదడు ఊరుకోదు. మద్యం ఒక సిబ్బెను కిందికి లాగుతోంది కాబట్టి, తక్కెడ సమంగా నిలవడానికి రెండో సిబ్బెలో బరువు పెంచుకుంటూ పోతుంది. గాబాకు స్పందించే తీరు తగ్గుతుంది, గ్లుటమేట్ గ్రాహకాల ప్రభావం పెరుగుతుంది. అందుకే ఒకప్పుడు ఒక పెగ్గుతో వచ్చిన మత్తుకు తర్వాత ఒక క్వార్టరు కూడా చాలదు. ఇప్పుడు మద్యం ఒక్కసారిగా ఆగిపోయిందనుకోండి. ఒక సిబ్బెలోని బరువు తీసేశాం, రెండో సిబ్బెలో మెదడు పేర్చుకున్న బరువు మాత్రం అలాగే ఉంది. తక్కెడ అటువైపు ఒరిగిపోతుంది. చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, గుండె దడదడలాడుతుంది, నిద్ర పట్టదు. ఒక గుక్క తాగితే ఇవన్నీ తగ్గుతాయి. పొద్దున్నే బ్రాందీ షాపు ముందు నిలబడే మనిషి ఆనందం కోసం వచ్చాడని అనుకుంటాం. చాలాసార్లు అతను వచ్చింది వణుకు తగ్గించుకోవడానికే.

హఠాత్తుగా మానితే ప్రమాదం

ఇక్కడ ప్రతి విద్యార్థీ తప్పక తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. చాలాకాలంగా రోజూ ఎక్కువగా తాగేవారు వైద్య సహాయం లేకుండా ఒక్కసారిగా మానడం ప్రాణాంతకం కావచ్చు. చివరిసారి తాగిన కొద్ది గంటల్లోనే వణుకు మొదలవుతుంది. 6 నుంచి 48 గంటల మధ్య కొందరికి మూర్ఛలు వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల కొద్దిమందిలో డెలీరియం ట్రెమెన్స్ అనే స్థితి కనబడుతుంది. తీవ్రమైన వణుకు, జ్వరం, తాను ఎక్కడున్నాడో తెలియని గందరగోళం, లేని మనుషులూ పురుగులూ కనబడడం దీని లక్షణాలు. మన ఊళ్ళలో దీన్ని చూసి గాలి సోకిందనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. అది గాలి కాదు, ఒరిగిపోయిన తక్కెడ. వెంటనే 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఆసుపత్రిలో ఈ తక్కెడను మెల్లగా సమం చేస్తారు. గాబాకు తోడ్పడే బెంజోడయజెపీన్ తరగతి మందులిచ్చి కొద్దిరోజుల్లో మోతాదు తగ్గిస్తారు. తాగేవారిలో తరచు లోపించే బి-1 విటమిన్ ఇస్తారు. ఈ విటమిన్ లోపం తీవ్రమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినవచ్చు. ఈ చికిత్స సాధారణంగా వారం, పది రోజుల్లో ముగుస్తుంది.

మరి అసలు చిక్కు ఎక్కడుంది? పదకొండో రోజున ఉంది. మనిషి ఇంటికొస్తాడు. అదే వీధి, అదే షాపు, అవే స్నేహితులు, అదే సాయంత్రం. గతంలో మద్యంతో ముడిపడిన ప్రతి గుర్తూ, అంటే జీతం చేతికందిన రోజు, వర్షం, మిరపకాయ బజ్జీల వాసన, భార్యతో మాటామాటా రావడం, ఇవన్నీ మెదడులో కోరికను రేపుతాయి. శరీరంలోంచి మద్యం పోయినా, నేర్చుకున్న ఈ అలవాటు పోవడానికి నెలలూ సంవత్సరాలూ పడుతుంది. అంతకాలం ఏ వైద్యుడూ పక్కన కూర్చోలేడు. నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులు కోరికను కొంత తగ్గిస్తాయి. కానీ ఖాళీగా మిగిలిన ఆ సాయంత్రాన్ని మందుబిళ్ళ నింపలేదు. పరస్పర సహాయ బృందం అవసరం ఇక్కడే మొదలవుతుంది.

ఆక్రన్‌లో ఇద్దరు మనుషులు

తాగుడు మానాలనుకునేవారు ఒకచోట చేరడం కొత్త సంగతేమీ కాదు. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో 1840లో ఆరుగురు తాగుబోతులు ఒక మద్యం దుకాణంలోనే కూర్చుని ఇక తాగరాదని ఒట్టుపెట్టుకున్నారు. వాషింగ్టోనియన్లు అని పేరు పెట్టుకుని, తమ అనుభవాలను బహిరంగంగా చెప్పేవారు. ఆ ఉద్యమం వేగంగా పెరిగింది. ఐతే కొన్నేళ్ళలోనే మద్యనిషేధ రాజకీయాల్లో, లోపలి తగాదాల్లో చిక్కుకుని కనుమరుగైంది.

దాదాపు వందేళ్ళ తర్వాత 1935 మే నెలలో ఒహైయో రాష్ట్రంలోని ఆక్రన్ పట్టణానికి బిల్ విల్సన్ అనే న్యూయార్క్ షేర్ల వ్యాపారి వచ్చాడు. ఒకప్పుడు తాగుడుతో సర్వం పోగొట్టుకుని, అప్పటికి సుమారు ఐదు నెలలుగా తాగకుండా ఉన్నాడు. వచ్చిన వ్యాపారం చెడిపోయింది. హోటలు వసారాలో ఒంటరిగా నిలబడ్డాడు. ఒక పక్క బారు, మరో పక్క టెలిఫోను. ఆ ఐదు నెలల్లో అతను ఎందరో తాగుబోతులకు బోధించాడు, ఒక్కరూ మానలేదు. కానీ ఒక సంగతి గుర్తొచ్చింది: వాళ్ళతో మాట్లాడినంతకాలం తాను తాగలేదు! అందుకే చర్చిలకు ఫోన్లు చేసి, తాగుడుతో బాధపడే మనిషి ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. అలా దొరికినవాడు ఆ ఊరి శస్త్రవైద్యుడు డాక్టర్ బాబ్ స్మిత్. పదిహేను నిమిషాలు మాత్రమే ఉంటానని వచ్చిన డాక్టర్ ఆరు గంటలకు పైగా కూర్చున్నాడు. తాగుడు చెడ్డదని ఎందరో ఆయనకు చెప్పారు. తన బాధను తన భాషలో చెప్పినవాడు మాత్రం ఇతనే మొదటివాడు.

డాక్టర్ బాబ్ ఆఖరిసారిగా తాగిన రోజుగా చెప్పుకునే 1935 జూన్ 10వ తేదీనే ఆల్కహాలిక్స్ అనానిమస్ తన పుట్టినరోజుగా లెక్కిస్తుంది. క్లుప్తంగా ఏ.ఏ. అంటారు, ‘పేరు చెప్పుకోని తాగుబోతులు’ అని దాని అర్థం. 1939లో తమ అనుభవాలను ఒక పుస్తకంగా వేశారు. 1941లో ఒక ప్రసిద్ధ అమెరికన్ వారపత్రిక వీరి గురించి రాశాక సభ్యుల సంఖ్య ఒక్క ఏడాదిలో సుమారు 2,000 నుంచి 8,000కు పెరిగింది. వాషింగ్టోనియన్లకు పట్టిన గతి తమకు పట్టకుండా వీరు 1950లో కొన్ని సంప్రదాయాలు ఆమోదించుకున్నారు. రాజకీయాల్లో, మద్యనిషేధ వివాదాల్లో తలదూర్చకూడదు. బయటివారి విరాళాలు తీసుకోకూడదు. సభ్యుల పేర్లు పత్రికలకెక్కకూడదు. ఎవరూ ఎవరికీ అధికారి కాకూడదు. మన దేశంలో ఈ బృందాలు 1957లో మొదలయ్యాయి.

నిషేధం ఒకటి, వైద్యం మరొకటి

తెలుగువారికి మద్యంపై పోరాటం కొత్త కాదు. 1990ల తొలినాళ్ళలో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న మహిళలు సారా దుకాణాన్ని మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతటా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధానికి, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. 1997లో నిషేధాన్ని సడలించారు. మద్యం సులువుగా దొరకకపోతే తాగేవారూ తాగే మోతాదూ తగ్గుతాయన్నది నిజం. కానీ మెదడు తక్కెడ ఇప్పటికే ఒరిగిపోయినవాడికి దుకాణం మూతపడితే వణుకు ఆగదు. అతనికి వైద్యం కావాలి, ఆ తర్వాత తోడు కావాలి. సమాజం చేయవలసిన పని వేరు, రోగికి చేయవలసిన పని వేరు. ఒకటి చేశాం కదా అని రెండోది మానుకోకూడదు.

బృందాన్ని కనుక్కోవడం ఎలా?

‘ఇలాంటివి మన ఊళ్ళో ఎక్కడుంటాయి?’ అని మీరడగవచ్చు. బయట బోర్డులు పెద్దగా ఉండవు కాబట్టి అడిగి తెలుసుకోవాలి. మూడు దారులున్నాయి.

మొదటిది ఆసుపత్రి. ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలోని మానసిక వ్యాధుల ఓ.పి.లో అడగండి. హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయం, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల మనకు తెలిసినవే. పొరుగు రాష్ట్రాల్లో బెంగుళూరు నిమ్‌హాన్స్, చెన్నైలో 1980లో మొదలైన టి.టి. రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్ ఈ రంగంలో పేరుపొందిన సంస్థలు. చికిత్స చేసే వైద్యులకు దగ్గరలోని బృందాల వివరాలు తెలిసే అవకాశం ఎక్కువ.

రెండోది టెలిఫోను. మత్తు పదార్థాల నుంచి బయటపడాలనుకునేవారి కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే జాతీయ సహాయ నంబరు 14446. మానసిక ఆరోగ్యం కోసం 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి-మానస్ నంబరు 14416. రెండూ ఉచితమే. తాగేవారే చేయాలని లేదు, ఇంట్లోవాళ్ళూ చేయవచ్చు.

మూడోది నేరుగా ఏ.ఏ.ను అడగడం. దీని భారతదేశ కార్యాలయం ముంబయిలో ఉంది. ఏ ఊళ్ళో, ఏ రోజు, ఏ భాషలో సమావేశం జరుగుతుందో వారి జాబితాల్లో ఉంటుంది. హైదరాబాదు, విశాఖ వంటి నగరాల్లో సమావేశాలు జరుగుతుంటాయి. తరచు ఏదైనా బడిలోనో, చర్చికి చెందిన గదిలోనో పెడతారు. గది చర్చిదైనంత మాత్రాన అది మత సమావేశం కాదు, అద్దె తక్కువని అక్కడ పెట్టుకుంటారు. జాబితాలో ‘బహిరంగ సమావేశం’ అని ఉంటే ఎవరైనా వెళ్ళవచ్చు, విద్యార్థులు కూడా. ‘మూసిన సమావేశం’ అని ఉంటే తాగుడు మానాలనే కోరిక ఉన్నవారే వెళ్ళాలి. వెళ్ళేముందు ఒకసారి ఫోన్ చేసి రోజు, సమయం సరిచూసుకోవడం మంచిది.

లోపల ఏం జరుగుతుంది?

మొదటిసారి వెళ్ళేవాడికి గడప దాటడమే కష్టం. తెలిసినవాళ్ళు కనబడితే? పోలీసులకు చెబితే? తాగిన వాసన వస్తే? ఇలా నూరు భయాలు. అందుకే లోపల జరిగేదేమిటో ముందే తెలుసుకోవడం మంచిది.

ఒక గది, వరసగానో గుండ్రంగానో కుర్చీలు, పక్కన టీ. హాజరు పట్టిక ఉండదు. ఫీజు ఉండదు. ఇంటిపేరు, కులం, ఉద్యోగం ఎవరూ అడగరు. సభ్యుల్లోనే ఒకరు ఆ రోజుకు సమావేశాన్ని నడుపుతారు. బృందం ఉద్దేశాన్ని చదివి వినిపిస్తారు. తర్వాత ఒక్కొక్కరు తమ పేరు, తాను తాగుడుకు లోబడినవాడినన్న సంగతి చెప్పి మాట్లాడతారు. తాగిన రోజుల్లో ఏం జరిగింది, ఎలా మానారు, ఇప్పుడెలా ఉంది, ఇంతే. మధ్యలో ఎవరూ అడ్డురారు, సలహాలివ్వరు, వాదించరు. కొత్తవాడు మాట్లాడాలని బలవంతం లేదు. ‘ఈరోజు వింటాను’ అంటే చాలు. గంట, గంటన్నరలో అయిపోతుంది. ఒక సంచీ తిప్పుతారు, సభ్యులు తోచినంత వేస్తారు. కొత్తవాడు వేయనక్కర్లేదు. ఇక్కడ విన్న సంగతులు బయట చెప్పకూడదన్నది అందరూ పాటించే నియమం.

ఇక అక్కడి పద్ధతులు కొన్ని చూడండి. ‘జన్మలో తాగను’ అని ఒట్టు వేయించరు. ఈ ఒక్కరోజు తాగకుండా ఉండమంటారు. ఏడాది తాగకుండా ఉన్నవాడికి అది మొదటి పుట్టినరోజు, అందరూ చప్పట్లు కొడతారు. కొత్తవాడు అనుభవం గల ఒక సభ్యుణ్ణి తనకు దారి చూపేవాడిగా ఎంచుకోవచ్చు. రాత్రి పదకొండుకు కోరిక పుట్టినా ఆయనకు ఫోన్ చేయవచ్చు. మగవారికి మగవారు, ఆడవారికి ఆడవారు ఇలా తోడుండడం ఆనవాయితీ. మళ్ళీ తాగి వచ్చినవాణ్ణి గెంటేయరు, కుర్చీ చూపిస్తారు. మొదటి సమావేశం నచ్చకపోతే మరో బృందానికి వెళ్ళి చూడమంటారు. ఒక్కో బృందం తీరు ఒక్కోలా ఉంటుంది మరి.

దేవుణ్ణి నమ్మనివారి సంగతి?

సైన్సు విద్యార్థులు తప్పక వేసే ప్రశ్న ఇది. ఏ.ఏ. పాటించే పన్నెండు మెట్లలో దేవుడి ప్రస్తావన, తనకంటే గొప్పదైన శక్తి ప్రస్తావన ఉన్నాయి. సమావేశం ముగింపులో ప్రార్థన కూడా ఉండవచ్చు. ఐతే ఆ శక్తిని ఎవరికి తోచినట్లు వారు అర్థం చేసుకోవచ్చంటారు. కొందరు హేతువాదులు తమ బృందాన్నే ఆ శక్తిగా భావించుకుంటారు. చేరడానికి కావలసిన అర్హత ఒక్కటే, తాగుడు మానాలన్న కోరిక. అయినా ఇది మింగుడుపడనివారు ఉన్నారు. వారి కోసం దైవ ప్రస్తావన లేని పద్ధతులూ వచ్చాయి. 1994లో అమెరికాలో మొదలైన స్మార్ట్ రికవరీ అలాంటిదే. అది ఆలోచనలను, అలవాట్లను మార్చుకునే మనస్తత్వశాస్త్ర పద్ధతులపై ఆధారపడుతుంది. ఏ దారైనా, మనిషి ఒంటరిగా మిగలకపోవడమే ముఖ్యం.

నిజంగా పనిచేస్తుందా?

మంచి ఉద్దేశం ఉన్నంతమాత్రాన ఏ పద్ధతీ పనిచేస్తుందని ఒప్పుకోకూడదు కదా. పరీక్షించి చూడాలి. అమెరికాలో 1,726 మంది రోగులతో జరిగిన ‘ప్రాజెక్ట్ మ్యాచ్’ అనే పెద్ద ప్రయోగం ఫలితాలు 1997లో వెలువడ్డాయి. పన్నెండు మెట్ల పద్ధతి వైపు నడిపించే చికిత్స, అలవాట్లను మార్చే మానసిక చికిత్స, సంకల్పాన్ని పెంచే చికిత్స, ఈ మూడూ దాదాపు సమానంగానే పనిచేశాయి. 2020లో కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను, 10,565 మంది సమాచారాన్ని కలిపి సమీక్షించింది. శిక్షణ పొందినవారు ఒక క్రమపద్ధతిలో రోగులను ఏ.ఏ. సమావేశాలకు అలవాటు చేసినప్పుడు, ఏడాది తర్వాత పూర్తిగా తాగకుండా ఉన్నవారు 42 శాతం. ఇతర చికిత్సల్లో 35 శాతం. తేడా పెద్దది కాదు, కానీ నిజమైనది. తాగే మోతాదు తగ్గడం వంటి ఇతర ఫలితాల్లో రెండూ ఇంచుమించు సమానమే.

ఈ అంకెలను రెండు వైపుల నుంచీ చదవాలి. నూటికి 42 మంది నిలబడ్డారంటే 58 మంది ఏడాది మొత్తం నిలబడలేకపోయారన్నమాట. ఇది మంత్రం కాదు. ఐతే చక్కెర జబ్బు, రక్తపుపోటు వంటి దీర్ఘవ్యాధుల్లోనూ చికిత్స మధ్యలో మానేసి, మళ్ళీ మొదలుపెట్టేవారు ఎందరో ఉంటారు. వారిని మనం తిట్టం, మళ్ళీ వైద్యుడి దగ్గరకు పంపుతాం. తాగుడు విషయంలోనూ అంతే.

ఎందుకు పనిచేస్తుందో కూడా పరిశోధకులు వెతికారు. అన్నిటికంటే ఎక్కువగా కనిపించిన కారణం చాలా మామూలుది: స్నేహబృందం మారడం. తాగించే స్నేహితులు తగ్గి, తాగని స్నేహితులు పెరుగుతారు. నలుగురిలో ఉన్నప్పుడు ‘వద్దు’ అనగలననే నమ్మకం కలుగుతుంది. వ్యాధి తీవ్రంగా ఉన్నవారిలో ఆధ్యాత్మిక భావన కూడా కొంత తోడ్పడింది.

మన దగ్గర దీనికి ఒక పోలిక ఉంది. అయ్యప్ప మాల వేసుకున్నవాడు ఆ 41 రోజులూ తాగడు. అప్పటివరకు ఎవరు చెప్పినా విననివాడు ఎలా మానగలిగాడు? భక్తి ఒక కారణం. దానితోపాటు చూడండి: పొద్దున్నే లేచే నియమం, తనలాగే మాల వేసుకున్నవారి తోడు, సాయంత్రం భజన, ‘స్వామీ’ అని ఊరంతా గౌరవంగా పిలవడం. ఖాళీ సాయంత్రం నిండిపోయింది. మాల తీశాక ఇవన్నీ ఒక్కరోజులో మాయమవుతాయి. అందుకే కొందరు కొండ దిగగానే మళ్ళీ మొదలుపెడతారు. పరస్పర సహాయ బృందం చేసేది 42వ రోజున కూడా ఆ తోడును నిలపడమే. రోజూ ఎక్కువగా తాగేవారు మాల వేసుకునేముందు వైద్యుణ్ణి కలవడం మరచిపోరాదు. హఠాత్తుగా మానితే వచ్చే ప్రమాదం అక్కడా ఉంటుంది.

ఇంట్లోవాళ్ళు, పిల్లలు

తాగుడు ఒక్కడి వ్యాధి, బాధ మాత్రం ఇంటిల్లిపాదిదీ. బిల్ విల్సన్ భార్య లోయిస్ మరొకరితో కలిసి 1951లో కుటుంబ సభ్యుల కోసం ఆల్-అనాన్ అనే బృందాన్ని ప్రారంభించింది. 1957లో కాలిఫోర్నియాలో ఒక కుర్రవాడి చొరవతో యుక్తవయస్కుల కోసం అలటీన్ మొదలైంది. మన దేశంలోనూ ఆల్-అనాన్ బృందాలున్నాయి. తాగే మనిషి మానినా మానకపోయినా వీటికి వెళ్ళవచ్చు. అక్కడ పిల్లలు నేర్చుకునే మొదటి పాఠం ఇది: నాన్న తాగుడుకు మీరు కారణం కాదు, దాన్ని మీరు అదుపు చేయలేరు, దాన్ని నయం చేసే బాధ్యత కూడా మీది కాదు. మార్కులు తక్కువొచ్చినందుకు ఎవరూ తాగుబోతులైపోరు.

మరి మీరు చేయగలిగినదేమిటి? తాగి ఉన్నప్పుడు వాదించకండి. మత్తు లేని సమయంలో, పొద్దుటిపూట, జరిగినదాన్ని మాత్రం చెప్పండి. ‘నాన్నా, రాత్రి నువ్వు గేటు దగ్గర పడిపోయావు. నాకు చాలా భయమేసింది. ఒకసారి డాక్టరుగారి దగ్గరకు వెళ్దాం, నేనూ వస్తాను.’ ‘తాగుబోతు’ అన్న మాట కంటే ఈ నాలుగు మాటలు ఎక్కువ పనిచేస్తాయి. వినకపోతే ఇంకోరోజు చెప్పవచ్చు. ఇంట్లో కొట్లాట, దెబ్బలు ఉంటే మాత్రం ముందు మీ క్షేమం చూసుకోండి. అమ్మతో, నమ్మకమైన మేనమామతోనో పిన్నితోనో, ఉపాధ్యాయుడితోనో చెప్పండి. పిల్లల సహాయ నంబరు 1098. ఇంటి పరువు కోసం దాచిపెడితే వ్యాధికి మేలు, మీకు కీడు.

ఒక హెచ్చరిక. తెలియకుండా అన్నంలోనో, మజ్జిగలోనో కలిపి తాగుడు మాన్పించే మందులని కొన్ని అమ్ముతుంటారు. ఇలాంటివి ఎప్పుడూ వాడకండి. డైసల్ఫిరామ్ అనే మందు సంగతి చూడండి. మద్యం కాలేయంలో మొదట ఎసిటాల్డిహైడ్‌గా, తర్వాత ఎసిటేట్‌గా మారుతుంది. డైసల్ఫిరామ్ ఈ రెండో మార్పును అడ్డుకుంటుంది. ఆ మందు వేసుకున్నాక తాగితే ఎసిటాల్డిహైడ్ పేరుకుపోయి ముఖం ఎర్రబడడం, వాంతులు, గుండెదడ, రక్తపుపోటు పడిపోవడం జరుగుతాయి. తెలిసి, ఒప్పుకుని, వైద్యుడి పర్యవేక్షణలో వాడితే ఇది ఉపయోగపడుతుంది. తెలియనివాడికి పెడితే ప్రాణం పోవచ్చు. అలాగే కొట్టి, గొలుసులతో కట్టి మాన్పిస్తామనే చోట్లకు ఎవరినీ పంపకండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం వల్ల కలిగే మానసిక స్థితులను కూడా వ్యాధిగానే గుర్తించింది. గొలుసులతో కట్టడాన్ని ఆ చట్టం నిషేధించింది.

నాలుగు ప్రశ్నలు

కళాశాల విద్యార్థులు తమ సంగతి కూడా చూసుకోవాలి. 1984లో ప్రచురితమైన ఒక చిన్న పరీక్షను వైద్యులు ఇప్పటికీ వాడుతుంటారు. తాగుడు తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా? ఎవరైనా మీ తాగుడు గురించి అంటే చిరాకు కలిగిందా? తాగినందుకు తప్పు చేశానని బాధపడ్డారా? పొద్దున్నే వణుకో, తలనొప్పో తగ్గడానికి తాగారా? రెండింటికి ‘అవును’ అనే జవాబొస్తే ఒకసారి వైద్యుణ్ణి కలవాలి. కవల పిల్లలపై జరిగిన అధ్యయనాల ప్రకారం ఈ వ్యసనానికి లోనయ్యే ప్రమాదంలో దాదాపు సగం పాత్ర వారసత్వానిది. తండ్రి తాగితే కొడుకు తాగి తీరతాడని దీనికి అర్థం కాదు. మిగిలినవారి కంటే మొదటి గ్లాసు దగ్గరే ఎక్కువ జాగ్రత్తపడాలని అర్థం.

ముందే పట్టుకుంటే పని సులువు. గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, వ్యసనం ముదరకముందే ప్రమాదకరంగా తాగుతున్న 377 మంది పురుషులతో జరిగిన ఒక అధ్యయనం 2017లో వెలువడింది. వైద్యులు కాని, శిక్షణ పొందిన మామూలు మనుషులు కొద్దిసార్లు కూర్చుని మాట్లాడితే, మూడు నెలల తర్వాత ప్రమాదకర స్థాయి నుంచి బయటపడినవారు 36 శాతం. అలా మాట్లాడనివారిలో 26 శాతం.

మీకు తెలిసినవారిలో ఎవరైనా ‘రేపటి నుంచి మానేస్తాను’ అంటే నవ్వకండి, ఒట్టు వేయించుకోకండి. ముందు వైద్యుడి దగ్గరకు, ఆ తర్వాత సమావేశానికి తీసుకెళ్ళండి. మొదటిరోజు గేటు దాకా తోడు వెళ్ళండి, చాలు. గేటు లోపల తోడు రావడానికి అదే దారిలో ముందు నడిచినవాళ్ళు ఉంటారు.